పీజీలకు ఇంజనీరింగ్ నేర్పబోతున్న మేనకోడలికి

చిరంజీవి డాక్టరమ్మకు, ఆశీస్సులు.

మీ పీజీలకు పరికరాల తయారీ నేర్పబోతున్నావని విని చాలా సంతోషించాను. త్రీడీ ప్రింటరు, ఆర్డుయినో బోర్డులు (ప్రోగ్రాం రాసి పరికరాల్ని నడిపే చిన్న ఎలక్ట్రానిక్ పలకలు) ఇప్పుడే కొనకమ్మా. అవి చేతికొస్తే రోగి సంగతి మరిచి వాటి చుట్టూనే తిరుగుతారు.

మొదటి వారం ఒక్కొక్కరినీ వార్డులో రెండు గంటలు నిలబెట్టు. వైద్యం చెయ్యొద్దు, చూసి రాసుకోమను: ఏ అలారం మోగినప్పుడు ఎవరూ కదలలేదు, దేన్ని ప్లాస్టరుతో అతికించి నెట్టుకొస్తున్నారు. ఆ అవసరాన్ని ఒక్క వాక్యంలో రాయించు. అందులో పరికరం పేరుంటే కొట్టేసి మళ్లీ రాయించు. ‘బెలూన్ కావాలి’ అని రాస్తే కొనుగోలు దగ్గరే ఆగిపోతాం. ‘గర్భసంచిని లోపలినుంచి అదిమిపట్టేది కావాలి’ అంటే దారి దొరుకుతుంది. కాన్పు తర్వాత రక్తస్రావం ఆపడానికి, కాథెటర్‌కి (ఒంట్లోకి పంపే సన్నని గొట్టానికి) కండోమ్ కట్టి సెలైన్ నింపే పద్ధతిని ఢాకా డాక్టర్ సయేబా అఖ్తర్ బృందం 2003లో ప్రచురించింది. అది చూపించు.

రెండో వారం బబుల్ సీపాప్ (ఊపిరాడని పసిబిడ్డల ముక్కులోకి ఆగకుండా ఒత్తిడితో గాలి పంపే ఏర్పాటు) కట్టించు, బల్ల మీద మాత్రమే. ఊపిరి బయటికిపోయే గొట్టాన్ని సీసాలోని నీళ్లలో 5 సెం.మీ. ముంచి, గాలి ఫ్లో నిమిషానికి 6 లీటర్లు పెట్టి, ఒత్తిడి ఎంతని అడుగు. అందరూ 5 సెం.మీ. నీటి ఒత్తిడి అంటారు. అప్పుడు పారదర్శకమైన గొట్టాన్ని యు ఆకారంలో వంచి, నీళ్లు పోసి, ఒక కొసను ముక్కు దగ్గరుండే కనెక్టరుకి తగిలించు, రెండోది గాలికి వదిలెయ్యి. రెండు మట్టాల తేడాయే అసలు ఒత్తిడి. బుడగలకి మట్టం ఊగుతుంది, నడిమి అంకె తీసుకోమను. ఊపిరి బయటికిపోయే గొట్టం సన్నదైతే తేడా 5 దాటిపోతుంది. ఫ్లో 10కి పెంచితే ఇంకా పెరుగుతుంది. ఆ గొట్టాన్నే కిందికి వేలాడదీసి, ఆ వంపులో నీళ్లు నింపు. మళ్లీ పెరుగుతుంది. వార్డులో ఆవిరి చల్లబడి చేరే నీళ్లు చేసే పని ఇదే. చివరగా ప్రాంగ్‌ని (బిడ్డ ముక్కులో పెట్టే గొట్టం కొసని) వేలితో మూయించు. బుడగలు అలాగే వస్తుంటాయి! బిడ్డకి గాలి అందకపోయినా సీసా నిక్షేపంగా కనిపిస్తుందని అప్పుడు కళ్లారా చూస్తారు. ఈ ఒక్క ప్రయోగానికి పూర్తిగా మూడు గంటలు ఇవ్వు, తొందరపెట్టకు.

ఆ తర్వాతే సొంత పరికరాలు. ప్రతి జట్టూ ముందు ఒక పట్టిక రాయాలి: ఏది చెడవచ్చు, ఎలా తెలుస్తుంది, తెలిసేలోపు రోగికి ఏమవుతుంది. జట్టుకొక బయోమెడికల్ టెక్నీషియన్ తప్పనిసరి. ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ఏదీ రోగి దాకా పోకూడదు. నైట్ డ్యూటీ దిగినవాళ్లని ఆ రోజు పిలవకు.

యు గొట్టంలో నీళ్లకి రంగు కలపడం మరిచిపోకు, లేకపోతే వెనక నిలబడ్డవాళ్లకి మట్టం కనబడదు.

మీ మావయ్య