పన్ను పెరిగితే పప్పు ధర పెరుగుతుందా?

ప్రశ్న: కంపెనీ పన్ను పెంచితే ఆ భారాన్ని జీడిపప్పు ధరలో కలిపేస్తామని మా ఊరి వ్యాపారులు అంటున్నారు. అది కుదిరే పనేనా?
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: కలపాలని అందరికీ ఉంటుంది, బేరమే కుదరదు. ఒక లెక్క వేద్దాం. కిలో 800 రూపాయలకు అమ్మే కంపెనీకి ఖర్చులన్నీ పోను 32 రూపాయలు మిగిలిందనుకోండి. ఆ లాభం మీద పన్ను 22 శాతం, దాని మీద సర్‌చార్జి 10 శాతం, ఆ మొత్తం మీద సెస్సు 4 శాతం. అన్నీ కలిస్తే 25.168 శాతం, అంటే కిలోకి 8 రూపాయల చిల్లర. ఈ మొత్తం రేటు 25 నుంచి 30కి, అంటే ఇంకో 5 శాతం పెరిగినా అదనంగా పడేది 1.60. అదే 80 కిలోల పిక్కల (పొట్టు తీయని ముడి జీడిగింజల) బస్తా 500 పెరిగితే? బస్తాకి సుమారు 20 కిలోల పప్పు దిగుతుంది కనుక కిలోకి 25 రూపాయలు! ధరను ఆడించేది పిక్కలే.

జీఎస్టీ సంగతి వేరు. లాభమొచ్చినా నష్టమొచ్చినా అమ్మిన ప్రతి కిలో మీదా 5 శాతం పడాల్సిందే. ఈ రెండు పన్నుల్నీ ఒకే గాటన కట్టడంతోనే సగం గందరగోళం.

ఇక ఆ 1.60 ఎక్కడికి పోతుంది? వియత్నాం పప్పు పక్కనే ఉండగా కొనేవాడి మీద వేయలేరు. కొంత యజమాని లాభంలో తగ్గుతుంది. కొంత ఉద్దానం రైతుకిచ్చే బస్తా రేటులో కోతగానో, పొట్టు తీసే ఆడవాళ్ల కూలి పెంపు వాయిదాగానో తేలుతుంది. ఇంకోచోటికి పోలేని వాళ్లే ఎక్కువ మోస్తారు. కరెంటు ఉత్పత్తి దీనికి మినహాయింపు. కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ నిబంధనల ప్రకారం ఈక్విటీ (యజమాని సొంత పెట్టుబడి) మీద రాబడికి పన్ను కూడా కలిపి టారిఫ్, అంటే కరెంటు రేటు కడతారు. అక్కడ పన్ను నేరుగా ధరలోకి ఎక్కుతుంది.

ప్రశ్న: 2019లో కంపెనీ పన్ను తగ్గించారు కదా, మా వైపు జూట్ మిల్లుల్లో ఉద్యోగాలు ఎందుకు పెరగలేదు?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: లాభమే లేని మిల్లుకు పన్ను తగ్గినా ఒరిగేదేమీ లేదు. ముడి జనపనార ధర, కరెంటు బిల్లు, గోనె సంచుల ఆర్డర్లు, మిల్లు తెరిచేదీ మూసేదీ ఇవే. 2019 సెప్టెంబరు 20న ప్రకటించిన తగ్గింపుతో ఏటా 1.45 లక్షల కోట్ల రాబడి వదులుకుంటున్నట్టు కేంద్రం చెప్పింది. ఆర్నెల్లు తిరక్కుండానే కరోనా వచ్చిపడింది. సరుకు కొనేవాడు లేనప్పుడు చేతిలో మిగిలిన డబ్బుతో ఎవరూ కొత్త మగ్గాలు పెట్టరు, అప్పు తీర్చుకుంటారు.

ఉద్యోగాలకు ముడిపెట్టిన రాయితీ వేరే ఉంది, 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో దాని పేరు సెక్షన్ 80జేజేఏఏ. కొత్తగా చేర్చుకున్న కార్మికుల జీతంలో 30 శాతాన్ని మూడేళ్లపాటు అదనపు ఖర్చుగా చూపించుకోవచ్చు. నెలకు 15,000 చొప్పున పదిమందిని తీసుకుంటే ఏడాది జీతం 18 లక్షలు, అందులో 30 శాతం 5.4 లక్షలు. పైన చెప్పిన 25.168 శాతం రేటుతో ఏటా మిగిలే పన్ను సుమారు 1.36 లక్షలు. చాలామందికి ఇది చేజారేది షరతుల దగ్గరే: జీతం నెలకు 25,000 దాటకూడదు, బ్యాంకు ద్వారానే ఇవ్వాలి, పీఎఫ్ ఉండాలి, ఏడాదిలో 240 రోజులు పనిచేయాలి, మొత్తం సిబ్బంది సంఖ్య నిజంగా పెరగాలి. కిలోల లెక్కన నగదు కూలి ఇచ్చేచోట ఇది వర్తించదు.

ప్రశ్న: మాది భాగస్వామ్య సంస్థ. పన్ను తక్కువని కంపెనీగా మార్చమంటున్నారు. మార్చాలా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: లాభాన్ని ఇంటికి తీసుకెళ్తారా, వ్యాపారంలోనే ఉంచుతారా? భాగస్వామ్య సంస్థకు పన్ను 31.2 శాతం (ఆదాయం కోటి దాటితే సర్‌చార్జి అదనం), ఆ పైన భాగస్తుల వాటాకు పన్ను లేదు. 100 వస్తే 68.80 చేతికందుతుంది. కంపెనీలో 74.83 మిగులుతుంది గానీ, దాన్ని డివిడెండుగా (వాటాదారుకు పంచే లాభంగా) తీసుకుంటే దాని మీద మళ్లీ పన్ను పడుతుంది, 30 శాతం శ్లాబులో ఉన్నవారికి సెస్సుతో కలిపి 31.2 శాతం పోగా చివరికి దక్కేది 51.48. యంత్రాలకే పెట్టేట్టయితే కంపెనీ మేలు.