ఐదుగురున్న ఇంటికి నెల సరుకులు: ఏది ఎంత తేవాలి, ఏది తేకూడదు

మీ ప్రశ్న ఇదీ: నెల్లూరులో కాపురం. మీరిద్దరు, అత్తయ్య, బడికెళ్లే పిల్లలిద్దరు. నెలకోసారి అత్తయ్యతో కలిసి సరుకులకు వెళ్తున్నారు. రెండున్నర కిలోలు తెచ్చిన కందిపప్పు ఇరవయ్యో తేదీకే అయిపోతోంది, ఉప్మారవ్వకు పురుగు పడుతోంది, బిల్లు మాత్రం అనుకున్నదాన్ని దాటుతూనే ఉంది. స్టోన్‌హౌస్‌పేట హోల్‌సేల్ అంగట్లో చీటీలు చూసి సరుకు కట్టించిన అలవాటు కొద్దీ చెబుతున్నాను. ఈ మూడింటికీ మూలం ఒకటే, ఏది ఎంత కావాలో చూసుకోకుండా సరుకులన్నిటినీ నెల లెక్కలోనే కొంటున్నారు. చింతపండు, ఎండుమిరపకాయలు ఏడాది సరుకు. రవ్వ, పిండి పదిహేను రోజుల సరుకు. మిగిలినవే నెల సరుకు.

ముందు చీటీ సంగతి. అంగట్లో నిలబడి గుర్తు చేసుకుంటూ చెప్పే చీటీలో, ఇంట్లో ఉన్నవే మళ్లీ ఎక్కుతాయి, లేనివి జారిపోతాయి. వంటింట్లో డబ్బా మూతలు తీసి చూస్తూ ఒకరు చెప్పాలి, ఒకరు రాయాలి. ప్రతి దానికీ పక్కన రెండు అంకెలు వెయ్యండి: ఇంట్లో ఎంత ఉంది, నెలకు ఎంత కావాలి. తేడాయే కొనాల్సింది. ఆఖరి ప్యాకెట్ కత్తిరించినప్పుడే తలుపు వెనక తగిలించిన చీటీలో ఆ పేరు రాసేసే అలవాటు ఇద్దరికీ ఉంటే ఈ పని పది నిమిషాల్లో అయిపోతుంది.

బియ్యం లెక్క చూడండి. రెండుపూటలా అన్నం తినే పెద్దవాళ్లకు రోజుకు పావుకిలో, పిల్లలకు 150 గ్రాముల చొప్పున మీ ఇంటికి కిలో 50 గ్రాములు. ఇప్పుడు బస్తాలు 26 కిలోలవి వస్తున్నాయి. 2022 జులైలో 25 కిలోల వరకూ ఉన్న లేబుల్ ప్యాకింగ్‌కు 5 శాతం జీఎస్టీ వచ్చాక ఒక కిలో పెంచి కుట్టడం మొదలుపెట్టారు. ఆ బస్తా మీకు 25 రోజులొస్తుంది, అంటే ఐదు నెలలకు ఆరు బస్తాలు. నెలకొక బస్తా అని పెట్టుకుంటే ప్రతి నెలాఖరులో ఐదు కిలోలు చిల్లరగా, ఎక్కువ రేటుకు కొనక తప్పదు. రేషన్ కార్డుంటే ఆ బియ్యం ముందే లెక్కలోంచి తీసెయ్యండి. అన్నానికి నచ్చకపోతే దోసెపిండికి భేషుగ్గా పనికొస్తాయి. వాటిలో అక్కడక్కడా తేడా గింజలు కనిపిస్తే ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారెయ్యొద్దు. అవి ఐరన్, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి చేసిన బలవర్ధక గింజలు, వంద గింజలకు ఒకటి చొప్పున కలుపుతారు.

మన జిల్లాలో వరి పెద్దపంట ఈశాన్య వానల మీద నాటి, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కోసేది. అందుకే ఉగాది అటూ ఇటూ అంగళ్లలో కొత్త బియ్యం ఎక్కువ, రేటూ కాస్త మెత్తబడుతుంది. కొత్తవి వండితే ముద్దవుతాయి, తక్కువ ఒదుగుతాయి. ఆరు నెలలు పాతబడినవి కావాలంటే బస్తా మీద అచ్చువేసిన పేరును నమ్మక, గుప్పెడు అడిగి తెచ్చి వండి చూడండి. గ్లాసుకు రెండు గ్లాసుల నీళ్లకే మెత్తబడితే కొత్తవి, రెండున్నర తాగి పొడిపొడిగా విడితే పాతవి. నెల్లూరు మసూరి అయినా, బీపీటీ 5204 అయినా పరీక్ష ఇదే.

కందిపప్పు ఎందుకు చాలడం లేదో లెక్కలోనే తెలుస్తుంది. వారానికి నాలుగు రోజులు పప్పు, రెండు రోజులు సాంబారో పప్పుచారో. ఐదుగురికి పప్పుకు 175 గ్రాములు, సాంబారుకు 100. వారానికి 900 గ్రాములు, నెలకు నాలుగు కిలోలకు కొంచెం తక్కువ. రెండున్నర తెస్తే పంతొమ్మిదో రోజుకు డబ్బా అడుగు కనిపించాల్సిందే. మినప్పప్పు ఇడ్లీకి ఒకసారి, దోసెకు ఒకసారి నానబోస్తే వారానికి దాదాపు అరకిలో, నెలకు రెండు కిలోలు. ఇడ్లీరవ్వ కూడా రెండు కిలోలు. చట్నీకి వేరుశనగ విత్తనాలు కిలో, పుట్నాలపప్పు కిలో. నూనె నాలుగు లీటర్లు, వేపుళ్లు ఎక్కువైతే ఐదు. చక్కెర రెండు కిలోలు, టీపొడి అరకిలో, పచ్చిశనగపప్పు, పెసరపప్పు అరకిలో చొప్పున, ధనియాలు పావు, జీలకర్ర 200 గ్రాములు, ఆవాలు 100. ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు ఈ చీటీలోకి తేవద్దు. అవి వారం వారం రైతుబజారులో చూసి కొనేవి, ఎర్రగడ్డలు నెలకు సరిపడా తెస్తే వానాకాలంలో నాలుగోవంతు కుళ్లుతాయి. పైన చెప్పిన అంకెలు మొదటి నెలకు మాత్రమే. నెలాఖరున ఎంత మిగిలిందో చూసి మీ ఇంటి అంకె మీరే సరిచేసుకోండి.

ఇక ఇద్దరూ కలిసి వెళ్లడం గురించి. అత్తయ్యను సరుకుల ట్రాలీ వెనకాల ఊరికే తిప్పితే ఆవిడకు కాళ్లనొప్పి, మీకు చిరాకు. పని పంచుకోండి. విడి సరుకు ఆవిడ చెయ్యి చూడాలి, ప్యాకెట్లూ కాటా బిల్లూ మీ కళ్లు చూడాలి. హోల్‌సేల్ అంగట్లో అయితే ఉదయమే చీటీ ఇచ్చి, పప్పులూ దినుసులూ ఆవిడ కూర్చుని ఎంచితే, మధ్యాహ్నానికి కట్టి ఉంచుతారు. జీతాలు పడే మొదటి వారంలో ఎంచుకునే తీరిక మీకూ ఉండదు, చూపించే ఓపిక వాళ్లకూ ఉండదు. ఇరవై దాటాక వెళ్లండి.

ఆవిడ చూడాల్సినవి ఇవి. కందిపప్పు పైది కాకుండా లోపలినుంచి గుప్పెడు తీయించాలి. జారుడుగా, నిగనిగలాడుతూ ఉంటే నూనె పట్టించింది. తడిచేతిలో రుద్దితే పసుపు దిగితే రంగు వేసింది. గుండ్రని బద్దల మధ్య పలకగా, ఒక పక్క ఏటవాలుగా ఉన్న బద్దలుంటే అది లంకపప్పు (కేసరిపప్పు) కలిసిన సరుకు, ఎంత చవకైనా వద్దు. పంటికింద కటుక్కున విరగాలి, మెత్తగా నొక్కుకుంటే తేమ ఉన్నట్టు, అది పదిహేను రోజుల్లో పురుగు పడుతుంది. మినపగుళ్లు మరీ తెల్లగా ఉండి చేతికి పొడి అంటితే పౌడర్ పట్టించినవి. ఫిబ్రవరి, మార్చిల్లో వచ్చే కొత్త మినుముల పప్పయితే పిండి బాగా ఒదుగుతుంది. పాతదైతే అదే కొలతకు ఇడ్లీ గట్టిగా వస్తుంది, అత్తయ్య రవ్వను తిడుతుంది. వేరుశనగ విత్తనాల్లో ముడతలు పడినవీ, నల్లగా, ఆకుపచ్చగా బూజు పట్టినవీ కనిపిస్తే ఆ మూట మొత్తం వదిలెయ్యాలి. ఆ బూజులో ఉండే విషం వేయించినా పూర్తిగా పోదు. మిరియాలు నాలుగు నీళ్లలో వేస్తే తేలేవి బొప్పాయి గింజలో, తాలు మిరియాలో.

మీరు చూడాల్సినవి: కాటా మీద ఖాళీగా ఉన్నప్పుడు సున్నా ఉందా, డబ్బాలో తూస్తుంటే డబ్బా బరువు తీసేశారా. ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ దగ్గరే గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో చిన్న అక్షరాల్లో ఉంటుంది, రెండు కంపెనీలను పోల్చాల్సింది ఆ అంకెతో. నూనెలో మోసపోయేది ఎక్కువ ఇక్కడే. లీటరు నూనె దాదాపు 910 గ్రాములు తూగుతుంది. చూడ్డానికి అదే సైజు ప్యాకెట్‌లో 850, 800 గ్రాములు పోసి పది రూపాయలు తగ్గించి అమ్ముతారు. టిన్నులోనూ అంతే, 15 లీటర్ల టిన్ను అంటే పదమూడున్నర కిలోల చిల్లర, 15 కిలోల టిన్ను వేరు. ఒకటి కొంటే ఒకటి ఫ్రీ అన్నది సబ్బులకైతే తీసుకోండి, ఆరిన సబ్బు నీళ్లలో త్వరగా అరగదు కూడా. రవ్వకూ, పిండికీ, బిస్కెట్లకూ వద్దు. బిల్లు పెరిగేది పప్పూ బియ్యం దగ్గర కాదని చాలామందికి తెలియదు. ఇంటికొచ్చాక బిల్లును వంటసరుకు, సబ్బులూ సర్ఫులూ, చిరుతిళ్లు అని మూడుగా కూడి చూడండి. చీటీలో లేనివన్నీ మూడో కుప్పలో తేలతాయి.

ఆటోలో వేసేటప్పుడు ఫినాయిల్, సబ్బులు, అగరొత్తులు ఒక సంచిలో, తినేవి ఇంకో సంచిలో. టీపొడి, రవ్వ, బియ్యం పక్కనున్న వాసనను పీల్చుకుంటాయి. అగరొత్తుల వాసన పట్టిన టీపొడిని ఎవరూ బాగుచెయ్యలేరు.

ఇంటికి రాగానే కొత్తది పాతదాని మీద పొయ్యడమే పురుగుకు మొదటి కారణం. డబ్బా అడుగున మిగిలిన గుప్పెడులో గుడ్లుంటాయి, పైన తాజా మేత పోస్తున్నారు. పాతది ఒక గిన్నెలోకి తీసి, డబ్బా కడిగి ఎండలో పూర్తిగా ఆరబెట్టి, కొత్తది పోసి, పాతది ముందు వాడెయ్యాలి. ఉప్మారవ్వ పదిహేను రోజులకే, కిలోకు మించకుండా తెచ్చి, ఆ పూటే దోరగా వేయించి చల్లార్చి పోసుకోండి. వేయించే తీరిక లేకపోతే గాలి చొరకుండా కట్టి నాలుగు రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే గుడ్లు చస్తాయి. తీశాక గది వేడికి వచ్చేదాకా కట్టు విప్పొద్దు, చెమ్మ పడుతుంది. కందిపప్పును ఒక ఎండ ఎండబెట్టి కిలోకు చెంచాడు ఆముదం పట్టిస్తే రెండు నెలలు నిలుస్తుంది, వండేముందు కడిగితే పోతుంది. బియ్యాన్ని మాత్రం మండుటెండలో పోయకండి, గింజ పగిలి నూకలవుతాయి. పురుగు పట్టినా నీడలో, గాలి తగిలేచోట పరిచి జల్లించడమే. బస్తాను గోడకు ఆనించకుండా చెక్కపలక మీద పెట్టండి, ఎండుమిరపకాయలో వేపాకో వేసుకోండి. బోరిక్ పౌడర్ కలపడం పాత అలవాటే, మానుకోవాలి, అది కడుపులోకి పోవాల్సింది కాదు. గోదాముల్లో వాడే పురుగుమాత్రలు ఎవరైనా ఇస్తే ఇంట్లోకే తేవద్దు. తేమ తగిలితే వాటినుంచి వచ్చే ఫాస్ఫీన్ గ్యాస్ నిద్రలో ఉన్న మనుషులనే చంపుతుంది.

ఏడాది సరుకు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపు కొనాలి. చింతపండు రోజుకు పాతిక గ్రాములు, వారంవారం చేపల పులుసుకు కిలో చేపకు ఇంకో 75 గ్రాములు వేసుకుంటే నెలకు కిలో, ఏడాదికి పన్నెండు. గింజ ఉన్నది కొంటే కిలోకు 600 గ్రాముల పండే దక్కుతుంది, రేటు ఆ లెక్కన పోల్చండి. గింజ, పీచు తీసి రెండు ఎండలు పెట్టి, కిలోకు గుప్పెడు రాళ్లుప్పు కలిపి జాడీలో అదమాలి. స్టీలు, అల్యూమినియం డబ్బాలు వద్దు, పులుపూ ఉప్పూ కలిసి తినేస్తాయి. కారం నెలకు అరకిలో అనుకుంటే మిరపకాయలు ఏడు కిలోలు కొనండి, తొడిమల్లో కొంత పోతుంది. కాయ ఊపితే గింజలు గలగలలాడాలి. సగం ఇప్పుడు, సగం ఆరు నెలలకు ఆడిస్తే రంగు నిలుస్తుంది. మరలోంచి వచ్చిన కారం వేడిమీద డబ్బాకెత్తితే లోపల చెమర్చి గడ్డకట్టి బూజు పడుతుంది, పేపరు మీద పరిచి పూర్తిగా చల్లారాకే ఎత్తాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ చీటీ మారుతుంది. తుపాన్లతో మనకు వానలు ఎక్కువగా ఆ మూడు నెలల్లోనే. బెల్లం నీరుకారుతుంది, అప్పడాలు మెత్తబడతాయి, గోధుమపిండి ముక్కిన వాసన వేస్తుంది. వాటిని సగానికి తగ్గించి రెండు విడతలుగా తెచ్చుకోండి. బియ్యం, కందిపప్పు, నూనె, ఉప్పు మాత్రం పది రోజులకు సరిపడా అదనంగా ఉంచండి, పెన్నకు నీళ్లొచ్చి రోడ్లు మునిగితే అంగడికి సరుకు రావడమే ఆగిపోతుంది.