మీ ప్రశ్నలు – మా జవాబులు: ఒకే పేరు, ఇద్దరు కొడుకులు

ప్రశ్న: చైనా సినిమా ‘సో లాంగ్, మై సన్’ చూశాను. మొదట్లోనే జలాశయంలో మునిగిపోయిన పిల్లాడు, తర్వాత పెద్దవాడై తండ్రితో గొడవపడుతున్నాడేంటండీ?

జవాబు: వాడు వీడు కాదు. రెండోవాడు దత్తపుత్రుడు, పోయిన కొడుకు పేరే వీడికీ పెట్టుకున్నారు. ఆ పేరు బరువే వాడి తిరుగుబాటుకు మూలం. దర్శకుడు వాంగ్ షియావ్‌షువాయి ఏ సంవత్సరమో తెరమీద వేయడు, అందుకే ఈ తికమక. చోటును బట్టి పోల్చుకోండి: ఫ్యాక్టరీ క్వార్టర్లు కనిపిస్తే ఉత్తర చైనా, పాత రోజులు; సముద్రం, పడవలు కనిపిస్తే దక్షిణాన తీరప్రాంతమైన ఫుజియాన్, కొడుకు పోయాక వలస వచ్చిన కాలం. తల్లిదండ్రులు ముసలివాళ్లయ్యారంటే ఇప్పటి కథ.

ఒక్క సంగతి మాత్రం వరుసలో పెట్టుకోవాలి. తల్లికి బలవంతపు గర్భస్రావం జరిగింది పెద్దకొడుకు బతికుండగానే. ఆపైన ఆమెకు పిల్లలు పుట్టే అవకాశమే పోయింది. గర్భస్రావానికి కారణం ఒకే బిడ్డ నిబంధన, చైనాలో అది 2015 దాకా నడిచింది. ఆమెను ఆసుపత్రికి పట్టుకెళ్లింది పక్కింటి స్నేహితురాలే, ఫ్యాక్టరీలో ఆ నిబంధన అమలు చేయించడమే ఆవిడ ఉద్యోగం! ఈ ముడి అందితే చివరి గంట మొత్తం అర్థమవుతుంది.

నిడివి 185 నిమిషాలు. ముక్కలుగా చూస్తే కాలాల లెక్క తప్పుతుంది. 2019 బెర్లిన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడు, నటి బహుమతులు రెండూ తల్లిదండ్రులుగా నటించిన జంటకే వచ్చాయి.