ముందు ఆ పిల్లకు ఏం తెలుసో అడుగు

చిరంజీవికి ఆశీస్సులు.

ఏడో తరగతి పిల్లల కోసం నువ్వు రాసిన రుతువుల వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. అందులో తప్పు ఒక్కటీ లేదు, భాష తేటగా ఉంది. అయినా దాన్ని ఇలాగే పత్రికకు పంపవద్దని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. మొదటి పేరాలోనే అక్షం, కక్ష్య, విషువత్తు, అయనాంతం, ఉత్తరార్ధగోళం, 23.5 డిగ్రీలు వచ్చేశాయి. వాటిని పిల్లలు చదువుతారు, పరీక్షలో తిరిగి రాస్తారు కూడా. కానీ నువ్వు నన్ను అడిగింది, చదివిన పిల్లకు విషయం నిజంగా అర్థమయ్యేలా రాయడం ఎలా అని.

చాలా ఏళ్ల క్రితం ఇదే విషయం మీద నేనూ రాశాను. అది అచ్చయిన కొన్నాళ్లకు, ఒక జనవరిలో, ఒక పల్లెటూరి బడికి వెళ్లాను. ఏడో తరగతి అమ్మాయి ఒకతె లేచి, భూమి అక్షం 23.5 డిగ్రీలు వాలి ఉండటం వల్ల రుతువులు ఏర్పడతాయని పొల్లుపోకుండా అప్పజెప్పింది. నాకు సంతోషం వేసింది. "మరి ఇప్పుడు చలి ఎందుకు వేస్తోందమ్మా?" అని అడిగాను.

"చలికాలంలో సూర్యుడు మనకు దూరంగా వెళతాడు కదండీ" అంది, ఏమాత్రం తడుముకోకుండా.

నిమిషం తేడాలో ఒకే నోట ఆ రెండు మాటలూ వచ్చాయి. ఒకదాని సంగతి ఇంకొకదానికి తెలియనట్టే ఉన్నాయి. మొదటిది బడిలో విన్నది. రెండోది పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటూ ఆ పిల్ల తనంతట తాను తెలుసుకున్నది. నిప్పుకు దగ్గరగా జరిగితే వేడి, దూరం జరిగితే చలి. రోజూ గమనించి కుదుర్చుకున్న నమ్మకం అది. దాన్ని నా వ్యాసం పలకరించనైనా లేదు.

పిల్లలు కొత్త సంగతిని ఎప్పుడూ పాతదాని పక్కన పెట్టి చూసుకుంటారు. అమెరికాలో వోస్నియాడూ, బ్రూవర్ అనే ఇద్దరు పరిశోధకులు భూమి ఆకారం గురించి చిన్నపిల్లలను అడిగి, తెలుసుకున్నది 1992లో ప్రచురించారు. భూమి గుండ్రంగా ఉంటుందని ఒప్పుకుంటూనే, అది బోలు బంతి అనీ, మనం లోపల చదునైన నేల మీద ఉంటామనీ చెప్పిన పిల్లలు అందులో ఉన్నారు. 1996లో సమరపుంగవన్ అనే మరో పరిశోధకురాలితో కలిసి వాళ్లే హైదరాబాద్ పిల్లల గురించి రాశారు. ఇక్కడ భూమి నీటి మీద ఆని ఉందన్న పిల్లలు కనిపించారు. మన ఇళ్లలో చెప్పుకునే కథల భూమి అది. విన్నది ఒకలా, కంటికి కనిపించేది మరొకలా ఉంటే, రెండిటినీ వదులుకోకుండా ఒక చోట కుదిర్చే ప్రయత్నం ఇది. నాకైతే ఆ బోలు బంతి మీద ఎంతో గౌరవం. అప్పజెప్పిన పాఠం కంటే అందులోనే ఆలోచన ఎక్కువ.

మళ్లీ ఆ బడికి వస్తాను. భూమి సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది జనవరి మొదటివారంలోనే, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరానికి. జూలై మొదట్లో 15.2 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటుందని చెప్పాను. ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. తరగతి మొత్తం మాట లేకుండా ఉండిపోయింది. ఆ కలవరాన్ని వెంటనే జవాబు చెప్పి తుడిచేయకూడదమ్మా. అందరినీ జెండా కర్ర దగ్గరకు తీసుకెళ్లాను. మధ్యాహ్నం వేళ అయినా, నీడ ఇంచుమించు కర్రంత పొడవు పడింది. మే నెలలో ఇదే వేళకు ఎంత ఉంటుందని అడిగితే, "కాళ్ల కిందే ఉంటుంది" అన్నారు. అది వాళ్లకు ముందే తెలుసు. (హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలోనూ, ఆగస్టు 3 ప్రాంతంలోనూ మిట్టమధ్యాహ్నం నిలువు కర్రకు నీడే ఉండదు.) లోపలికి వచ్చి, కిటికీలు మూసి, నేల మీద టార్చి వేశాను. నిటారుగా పట్టుకుంటే చిన్న గుండ్రటి వెలుగు, కళ్లు చెదిరేంత. వాల్చి పట్టుకుంటే అదే వెలుగు బారుగా పరుచుకుని పలచబడింది, చలికాలంలో వాలుగా పడే ఎండలాగే.

అప్పుడు ఆ అమ్మాయే అంది: "అందుకేనా అండీ, సంక్రాంతి రోజుల్లో మా వంటింటి దక్షిణం కిటికీలోంచి ఎండ పొయ్యి దాకా వస్తుంది? మా నాయనమ్మ అక్కడే పీట వేసుకుని కూర్చుంటుంది. వేసవిలో ఆ కిటికీలోంచి ఎండే రాదు."

ఆ కిటికీ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. తన జ్ఞాపకంలోంచి తనే తీసి, కొత్త విషయానికి తగిలించుకుంది. ఆ రోజు నుంచి నేను రాసే తీరు మారింది.

ఇక నీ వ్యాసం. సూర్యుడు దూరం వెళ్లడం వల్లే చలి అనుకునేవాళ్లతోనే మొదలుపెట్టు. ఆ మాటను చిన్నచూపు చూడకుండా, అలా అనిపించడానికి కారణం ఉందని ఒప్పుకో. తర్వాత జనవరి లెక్క చెప్పు. నీడ కొలిచే పని వాళ్లకే అప్పగించు. ఎండ వాలుగా ఎందుకు పడుతోందన్న ప్రశ్న వాళ్లకే పుట్టాక, అప్పుడు అక్షం అనే మాట ఇవ్వు. విషువత్తు, అయనాంతం ఈ వ్యాసానికి వద్దు. మంచు కప్పిన చెట్ల బొమ్మ తీసేయి. మన పిల్లలకు తెలిసిన చలి మంచుపొగ, తెల్లవారుజాము చలిమంట. వర్షాకాలానికి రుతుపవనాల గాలులు కావాలి, దాన్ని ఇందులో ఇరికించకుండా వేరే వ్యాసం రాయి.

మధ్యలో ఒకచోట, "పుస్తకం మూసి, ఇప్పటిదాకా చదివింది మీ తమ్ముడికి చెప్పండి" అని రాయి. రోడిగర్, కార్పికే అనే పరిశోధకులు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, పాఠాన్ని మళ్లీ చదివినవాళ్లు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత మాత్రం, పాఠం చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది.

మీ వీధిలో ఏడో తరగతి పిల్ల ఎవరైనా ఉంటే, కొత్త ప్రతిని ముందు ఆమె చేతికివ్వు. చదివాక కాగితాలు వెనక్కి తీసుకుని, చలి ఎందుకు వేస్తుందో చెప్పమను. మధ్యలో దిద్దవద్దు. ఎక్కడ ఆగిందో, ఏ మాట తన సొంతంగా వాడిందో అక్కడికక్కడే రాసుకో. వ్యాసంతో పాటు ఆ కాగితం కూడా నాకు పంపు. ముందు దాన్నే చదువుతాను.

నీ శ్రేయోభిలాషి