మీ నాన్నకి పప్పు పెట్టొచ్చు, అమ్మడూ

చిరంజీవి అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

రాత్రి నీతో మాట్లాడాక చాలాసేపు నిద్ర పట్టలేదు. పేగు ఆపరేషన్ అయి ఆరు రోజులు, మెత్తటి తిండి పెట్టొచ్చని డాక్టరుగారు చెప్పి రెండు రోజులు. అయినా మీ నాన్న ఇంకా చారన్నం, బ్రెడ్డు ముక్కల మీదే ఉన్నారన్నావు. పప్పు పెడితే కుట్లు చీము పడతాయని అమ్మ వద్దంటోందన్నావు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను. 30 ఏళ్లు సర్జరీ వార్డులో నర్సుగా పనిచేశాను కదా, కాస్త నిదానంగా చదువు.

చీము పప్పు వల్ల రాదు, సూక్ష్మక్రిములు చేరితే వస్తుంది. కోసిన చోట కొత్త కండ పట్టాలంటే శరీరానికి మాంసకృత్తులు కావాలి. అవి పప్పులో, గుడ్డులో, పాలలో, పెరుగులో ఉంటాయి. మనం పథ్యం పేరుతో ముందు మాన్పించేది సరిగ్గా వాటినే. పెద్ద ఆపరేషన్ తర్వాత కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలంటారు. మీ నాన్న 60 కిలోలు, అంటే 70 గ్రాములు దాటాలి. ఒక గిన్నె అన్నంలో ఉండేది సుమారు 4 గ్రాములు, చారులో దాదాపు ఏమీ ఉండదు. ఒక గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో ఇంచుమించు అంతే. లెక్క నువ్వే వేసుకో.

అమ్మ భయంలో కొంత అర్థం ఉంది. పేగు ఆపరేషన్ అయిన మొదటి రోజుల్లో కందిపప్పు గ్యాస్ చేస్తుంది, కడుపు ఉబ్బుతుంది. అందుకే పెసరపప్పుతో మొదలుపెట్టు. మెత్తగా ఉడికించి, పల్చగా కట్టులా చేసి, అన్నం బాగా మెదిపి కలుపు. ఇబ్బంది లేకపోతే మర్నాడు ఉడికించిన గుడ్డు పెట్టు. మీ తాతయ్యకి హెర్నియా ఆపరేషన్ అయినప్పుడు అమ్మమ్మ నెలన్నర చారన్నమే పెట్టింది. పుండు మానడానికి ఎన్నాళ్లు పట్టిందో, మంచం దిగితే ఆయన కాళ్లు ఎలా వణికేవో నాకు కళ్లకు కట్టినట్టుంది. అప్పుడు నేను నర్సింగ్ రెండో ఏడాది చదువుతున్నాను. తెలిసీ అమ్మమ్మకి ఎదురు చెప్పలేకపోయాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

సెలైన్ ఎక్కుతోంది కదా, బలం అదే వస్తుందని బాబాయి అన్నారట. అర లీటరు గ్లూకోజు సీసాలో, 5 శాతం రకమైతే, 25 గ్రాముల చక్కెర ఉంటుంది. అది సుమారు 100 కేలరీలు, ఇంచుమించు రెండు ఇడ్లీలంతే. ఉట్టి సెలైన్‌లో ఉప్పూ నీళ్లే. అది ఒంట్లో నీరు తగ్గకుండా చూస్తుంది గానీ కడుపు నింపదు.

మీ నాన్నకి షుగర్ ఉంది కాబట్టి ఇంకో సంగతి. భోజనానికి ముందు వేసే ఇన్సులిన్ వేయించుకున్నాక తిండి ఆలస్యం కాకూడదు. సిస్టర్ సూది తెచ్చేసరికి ప్లేటు ఎదురుగా ఉండాలి. ఆయన ఆ పూట తినలేనంటే సూదికి ముందే చెప్పు. వేశాక చెమటలు పట్టినా, వణికినా వెంటనే సిస్టర్‌ని పిలువు. స్కానింగ్ కోసం పరగడుపున ఉంచి టైము దాటిపోతే, ఆ పూట భోజనం పోయిందని ఊరుకోకు. ట్రేని ఉంచమనో మళ్లీ తెప్పించమనో అడుగు. అడగడానికి మొహమాటపడొద్దు తల్లీ, అలా పోయిన పూటలే రోగిని నీరసపెడతాయి.

చూడ్డానికి వచ్చేవాళ్లు కొబ్బరిబోండాలు, అరటిపళ్లు తెస్తారు. కిడ్నీ రిపోర్టు బాగుందో లేదో డాక్టర్ని అడగకుండా పెట్టొద్దు. వాటిలో పొటాషియం ఎక్కువ, కిడ్నీ బలహీనంగా ఉంటే గుండెకే ప్రమాదం. గుడ్లూ పప్పూ ఎంత పెట్టాలో కూడా అప్పుడే అడుగు, కిడ్నీని బట్టి అది మారుతుంది.

ఇక ఎవరూ చెప్పని మాట. మీ నాన్న పళ్ల సెట్టు ఇంట్లోనే ఉండిపోయిందా? ఉంటే ఇవాళే తెప్పించు. ఆయన ఆకలి లేదంటే నమలలేకపోవడం కూడా కారణం కావచ్చు. బెడ్‌పాన్ అడగడానికి, అందులోనూ కూతుర్ని అడగడానికి మొహమాటపడి నీళ్లూ తిండీ తగ్గించేసే మగవాళ్లను నేను వార్డులో ఎంతోమందిని చూశాను. ఆయన నోరు విప్పి చెప్పరు. తమ్ముణ్ణి పగలు వచ్చి కూర్చోమను, లేదా వార్డుబాయ్‌ని గంటగంటకీ పలకరించమను. తినే తీరు మారుతుంది చూడు.

పెట్టేటప్పుడు మంచం తల వైపు ఎత్తించి, ఆయన్ని కూర్చోబెట్టు. తిన్నాక కనీసం అరగంట సేపు పడుకోనివ్వకు. ఒకేసారి ప్లేటు నిండా పెడితే చూసే విసుగొస్తుంది, రెండు గంటలకోసారి కొంచెం కొంచెం పెట్టు. ఏ పూట ఎంత తిన్నారో, ఎన్ని నీళ్లు తాగారో, అర ఇడ్లీ అయినా సరే, చిన్న పుస్తకంలో రాసి రౌండ్స్‌లో చూపించు. తింటున్నారండీ అనే మాట కంటే ఆ రాత డాక్టరుకు ఎక్కువ చెబుతుంది.

అమ్మతో నేను మాట్లాడతాను. సాయంత్రం 7 దాటాక ఫోన్ తన చేతికివ్వు. ఈలోపు పెసరపప్పు కడిగి నానబెట్టి ఉంచు.

మీ పెద్దమ్మ