ఒక్కదానివే శ్రీరాంపూర్ వెళ్తానంటే ఇదిగో

అమ్మడూ,

కోల్‌కతా ట్రైనింగ్ మధ్యలో ఒక రోజు సెలవు దొరికిందనీ, ఒక్కదానివే ఊళ్ళు చూడ్డానికి పోతానన్నావనీ మీ అమ్మ పొద్దున్నే ఫోన్ చేసి గంటసేపు టెన్షన్ పడింది. దాని సంగతి నేను చూసుకుంటాను, నువ్వు శుభ్రంగా వెళ్ళు. కానీ ఒక్క రోజులో బ్యాండెల్, చిన్సురా, చందన్‌నగర్, శ్రీరాంపూర్ అన్నీ చుట్టేస్తానన్న ఆ ప్లాన్ మాత్రం మానుకో. పోర్చుగీసువాళ్ళది, డచ్చివాళ్ళది, ఫ్రెంచివాళ్ళది, డెన్మార్క్ వాళ్ళది అని లెక్కకి బాగానే ఉంటుంది కానీ రోజంతా ప్లాట్‌ఫారాల మీదే గడిచిపోతుంది. ఒక్క ఊరు చాలు. నన్నడిగితే శ్రీరాంపూర్, అదీ పడవ మీద.

హౌరా నుంచి నేరుగా లోకల్ రైలుంది కదా అంటారు అందరూ. ఉంది, దాన్ని తిరుగు ప్రయాణానికి ఉంచుకో. వెళ్ళేటప్పుడు సియాల్దాలో బ్యారక్‌పూర్ వైపు లోకల్ ఎక్కు, లేడీస్ పెట్టెలో. పొద్దున జనమంతా కోల్‌కతా వైపు వస్తుంటారు, నువ్వు ఎదురు దిక్కున పోతావు కాబట్టి కాస్త ఊపిరాడుతుంది. బ్యారక్‌పూర్‌లో దిగి టోటో (బ్యాటరీ ఆటో) వాడితో "ధోబీ ఘాట్" అను చాలు, అక్కడ లాంచీలో హుగ్లీ నది దాటితే అవతలి ఒడ్డే శ్రీరాంపూర్. 1857లో మంగళ్ పాండే తిరగబడ్డ కంటోన్మెంట్ ఇదే, కానీ ఇప్పుడే ఇక్కడ కాళ్ళు అరగదీసుకోకు.

లాంచీ టికెట్‌కి పెద్ద నోటు ఇస్తే కౌంటర్‌లో మొహం మాడ్చుకుంటారు, చిల్లర పెట్టుకో. హుగ్లీకి సముద్రంలాగే ఆటుపోట్లుంటాయి, నీళ్ళు దిగినప్పుడు జెట్టీకి దిగే వంతెన బాగా ఏటవాలుగా ఉంటుంది, జారని చెప్పులు వేసుకో. ఒక్కోసారి "బాన్" వస్తోందని పడవలు ఆపేస్తారు. అది సముద్రం నుంచి నదిలోకి ఎదురొచ్చే పెద్ద అల, దానితో పరాచికాలొద్దు, వాళ్ళు ఎక్కమనేదాకా ఒడ్డునే ఉండు. సైకిళ్ళవాళ్ళు తోసుకుంటూ ఎక్కుతారు, తోసుకోనీ, నువ్వు నీళ్ళు కనిపించేలా అంచున నిలబడు. దాటడానికి పెద్దగా సేపు పట్టదు, ఫోన్ పక్కన పెట్టి చూడు: రెండు ఒడ్డులా జూట్ మిల్లులు. మన నెల్లిమర్ల మిల్లు ఎరిగినదానివే కదా, ఆ పని ఈ దేశంలో మొదలైంది శ్రీరాంపూర్ పక్కనే రిష్రాలో, 1855లో. మన వైపు నుంచి ఎన్ని కుటుంబాలు ఆ మిల్లులకి వలస పోయాయో! మీ పెదనాన్న ఖరగ్‌పూర్‌లో రైల్వే ఉద్యోగం చేసినన్నాళ్ళూ మాకు పండగ చుట్టాలంతా ఈ ఒడ్డు నుంచే వచ్చేవారు. టీ కొట్టు దగ్గర తెలుగు మాట వినబడితే ఆశ్చర్యపోకు, ఏ ఊరని అడుగు.

దిగాక నడకే. 1755 నుంచి 1845 దాకా ఈ ఊరు డెన్మార్క్ వాళ్ళది, పేరు ఫ్రెడరిక్స్‌నగర్, తరవాత ఇంగ్లీషువాళ్ళకి అమ్మేసి పోయారు. ముందు సెయింట్ ఓలావ్ చర్చి చూడు. 1806లో పూర్తయింది, పాడుబడిపోతే బాగుచేసి 2016లో మళ్ళీ తెరిచారు. ముఖద్వారం మీద డెన్మార్క్ రాజు క్రిస్టియన్ 7 ముద్రాక్షరాలుంటాయి, తలెత్తి చూడకపోతే దాటిపోతావు. ఎండ ముదిరాక నది ఒడ్డున డెన్మార్క్ టావెర్న్‌లో కూర్చో. 1786 నాటి సత్రం, ఇప్పుడు కాఫీ హోటల్. రేటు కాస్త ఎక్కువే, ఫర్వాలేదు, ఒంటరిగా తిరిగే ఆడపిల్లకి నిశ్చింతగా కూర్చునే చోటూ, బాత్రూమూ దొరకడం చిన్న విషయం కాదు. కడుపు నింపుకోవడం మాత్రం బయట లూచీ (మైదా పూరీ), ఆలూదమ్‌తో.

అసలు నిన్ను ఈ ఊరికే పొమ్మనడానికి కారణం కాలేజీ. ఈస్టిండియా కంపెనీవాళ్ళు తమ ఇలాకాలో మిషనరీలని ఉండనివ్వకపోతే విలియం కేరీ 1800లో డెన్మార్క్ వాళ్ళ నీడకొచ్చి ఇక్కడ అచ్చుకూటం పెట్టాడు. 1812లో అది తగలబడి అచ్చు అక్షరాలూ రాతప్రతులూ బుగ్గయిపోయాయి. మళ్ళీ పోత పోయించుకుని, 1814లో ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణం అచ్చువేశాడు. బ్రౌన్ దొర ఇంకా ఉద్యోగానికి మద్రాసు రాకముందు మాట! మనవాళ్ళు బ్రౌన్ తప్ప ఇంకొకరిని తలవరు, నాకదే కోపం. 1818లో పెట్టిన కాలేజీ నదికి ఎదురుగా పెద్ద స్తంభాలతో ఉంటుంది. గేటు దగ్గర ఐడీ కార్డు చూపించి మర్యాదగా అడుగు, ఆదివారం కాకుండా పనిరోజున వెళ్తే లోపలికి వెళ్ళే వీలు ఎక్కువ. కేరీ సమాధి కూడా ఊళ్ళోనే ఉంది, టోటోవాళ్ళకి తెలుసు.

టైముంటే ఊళ్ళోనే మహేశ్ అనే పేటలో జగన్నాథుడి గుడికి వెళ్ళు, పూరీ తరవాత అంత పాత రథయాత్ర అదే అంటారు. రథయాత్ర రోజున మాత్రం ఈ ప్రయాణమే పెట్టుకోకు, కాలు కదలదు.

చీకటి పడకముందే శ్రీరాంపూర్ స్టేషన్‌కి చేరి హౌరా లోకల్ ఎక్కు. ఫోన్ చార్జింగ్ అప్పటిదాకా ఉండేలా చూసుకో. ఎక్కాక మీ అమ్మకి మెసేజ్ పెట్టు. నాకక్కర్లేదు, నేను ఎనిమిదిన్నరకే పడుకుంటాను.

మీ పెద్దమ్మ,
ఆమదాలవలస