సంగీత సందేహాలు: పరాయి గడ్డ మీద బృందం కడితే పాట ఎవరిది?

ప్రశ్న: అమెరికన్ గాయకుడు పాల్ సైమన్ 'గ్రేస్‌ల్యాండ్' ఆల్బమ్‌ను దక్షిణాఫ్రికా వాద్యకారులతో కలిసి చేశాడని విన్నాను. తన పాటలు తానే రాసుకుని పాడే మనిషి, భాష తెలియని దేశానికి వెళ్లి అక్కడివారితో బృందం ఎలా కట్టగలిగాడు? ముందే పాటలు సిద్ధం చేసుకుని వెళ్లాడా?
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఆ ఆల్బమ్ కోసం పాటలేవీ రాసుకోకుండానే వెళ్లాడు. దాని విశేషమంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. 1983లో ఆయన తెచ్చిన ఆల్బమ్ ఆశించినంతగా అమ్ముడుపోలేదు. ఆ మరుసటి ఏడాది మరో గాయని ద్వారా ఆయన చేతికి ఒక క్యాసెట్ వచ్చింది. అందులో ఉన్నది జోహన్నెస్‌బర్గ్ శివార్లలోని నల్లజాతి బస్తీల సంగీతం. అకార్డియన్, గిటార్, డ్రమ్స్ కలిసి పరుగు తీసే ఆ సంగీతాన్ని కారు నడుపుతూ పదే పదే విన్నాడు. వాకబు చేయగా, తనకు బాగా నచ్చిన వరుసను వాయించినవారు బొయొయొ బాయ్స్ అనే బృందమని తెలిసింది. ఆ వరుసలనే న్యూయార్క్‌లోని ఆరితేరిన వాద్యకారులతో వాయింపజేసుకోవడం ఆయన స్థాయి గాయకుడికి కష్టమేమీ కాదు. అలా చేయకుండా, హిల్టన్ రోసెంథాల్ అనే దక్షిణాఫ్రికా నిర్మాత సాయం తీసుకుని, తన చిరకాల రికార్డింగ్ ఇంజనీరు రాయ్ హేలీతో కలిసి 1985 ఫిబ్రవరిలో జోహన్నెస్‌బర్గ్ చేరాడు.

అక్కడి ఓవేషన్ స్టూడియోలో దాదాపు రెండు వారాల పాటు వేర్వేరు బృందాలు వచ్చి వాయించాయి. లెసోతో ప్రాంతపు అకార్డియన్ వాద్యకారుడు ఫొరేరె మొట్లొహెలొవా, షాంగాన్ జాతి సంగీతంలో పేరున్న జనరల్ ఎం. డి. షిరిండా వారిలో ఉన్నారు. అయితే బృందానికి వెన్నెముకగా నిలిచినవారు ముగ్గురు: స్టిమేలా బృందానికి చెందిన గిటారిస్టు రే ఫిరీ, అదే బృందంలో డ్రమ్స్ వాయించే ఐజాక్ మ్షాలి, బేస్ గిటార్ మీద బకీతి కుమాలో. వారు తమకు అలవాటైన లయలో చాలాసేపు వాయించుకుంటూ పోతే, దానిని మొత్తంగా టేపు మీదికి ఎక్కించారు. పాటలు పుట్టింది ఆ తరువాత, అమెరికాలో. రాయ్ హేలీ ఆ టేపులను కత్తిరించి, అతికించి పాట ఆకారానికి తెచ్చాక, సైమన్ వాటి మీద బాణీ కట్టి మాటలు రాశాడు. బాణీకి సాహిత్యం రాయడం సినిమా పాటల వల్ల మనకు బాగా అలవాటైన పద్ధతే. ఇక్కడ బాణీ కూడా తరువాత వచ్చినదే. ముందుగా ఉన్నది లయ ఒక్కటే. పైకి ఒకేలా తిరుగుతున్నట్టు వినిపించే గిటార్ వరుస ప్రతి ఆవృత్తంలోనూ కొద్దిగా మారుతూ ఉంటుంది కనుక, ఆ మార్పులను, బేస్ గిటార్ నడకను శ్రద్ధగా వినకుండా రాసిన మాటలు అందులో ఒదగవు. పేరు మోసిన కవిగాయకుడు నలభై దాటిన వయసులో తన పద్ధతిని తలకిందులు చేసుకుని, ఇతరుల లయ వెంట నడవడం నేర్చుకున్నాడన్న మాట.

ఆ బృందం అక్కడితో చెదిరిపోలేదు. ఫిరీ, మ్షాలి, కుమాలో న్యూయార్క్ వెళ్లి మిగతా పాటలకు వాయించారు. 'యూ కెన్ కాల్ మి ఆల్' పాటలో అందరూ చెప్పుకునే బేస్ గిటార్ విన్యాసం అక్కడ రికార్డు చేసినదే. కుమాలో వాయించింది అందులో మొదటి సగం మాత్రమే; ఆ టేపునే వెనుక నుంచి ముందుకు తిప్పి రెండవ సగాన్ని తయారు చేశారు. జోసెఫ్ షబలాలా నాయకత్వంలోని లేడీస్మిత్ బ్లాక్ మంబాజో గాయక బృందం లండన్‌లోని అబీ రోడ్ స్టూడియోలో సైమన్‌తో గొంతు కలిపింది. 1986 ఆగస్టులో ఆల్బమ్ విడుదలైంది. ఆ మరుసటి ఏడాది ఉత్తమ ఆల్బమ్‌గా గ్రామీ పురస్కారం పొందింది.

ప్రశ్న: వర్ణవివక్ష ప్రభుత్వాన్ని ప్రపంచం బహిష్కరించిన కాలంలో ఆయన అక్కడికి వెళ్లడం తప్పు కాదా? కళకు సరిహద్దులు లేవనే మాటతో దానిని సమర్థించవచ్చునా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఆ మాట ఒక్కటే దీనికి చాలదు. దక్షిణాఫ్రికాతో 1946లోనే వాణిజ్యం తెంచుకున్న దేశం మనది. 1974లో డేవిస్ కప్ ఫైనల్ చేరిన మన టెన్నిస్ జట్టు, ఎదుటి జట్టు దక్షిణాఫ్రికాది కావడంతో ఆడకుండా కప్పునే వదులుకుంది. విజయ్ అమృత్‌రాజ్, ఆనంద్ అమృత్‌రాజ్ వంటి క్రీడాకారులకు అటువంటి అవకాశం మళ్లీ ఎప్పుడు వస్తుందో తెలియని పరిస్థితిలో దేశం ఆ నిర్ణయం తీసుకుంది. కనుక బహిష్కరణ అంటే ఏమిటో, దానికి చెల్లించే మూల్యం ఏమిటో మనకు చెప్పనక్కరలేదు. 1980లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశం, రచయితలు, సంగీతకారులు ఆ దేశంతో సంబంధాలు పెట్టుకోకుండా చూడాలని తీర్మానించింది.

సైమన్ తరఫు వాదన ఇది. దక్షిణాఫ్రికాలోని సన్ సిటీ విలాస కేంద్రంలో ప్రదర్శన ఇమ్మని అడిగితే ఆయన అంతకు ముందే నిరాకరించాడు. ప్రభుత్వంతో ఏ లావాదేవీ పెట్టుకోలేదు. తెల్లవారి సభలలో పాడలేదు. నల్లజాతి వాద్యకారుల సంఘం తమలో తాము చర్చించుకుని, ఆయన రావడానికి సమ్మతించింది. తమ సంగీతం తమ దేశపు గోడలు దాటి ప్రపంచానికి వినిపించే మార్గం వారికి మరొకటి లేదు. రికార్డింగ్ ఆలస్యమైతే చీకటి పడ్డాక నగరంలో తిరిగే అనుమతి లేక వారు కంగారు పడే పరిస్థితి ఆనాటిది. ఇంటికి క్షేమంగా చేరడమే ఒక సమస్యగా ఉన్న మనుషులు ఇటువంటి అవకాశాన్ని వద్దనుకోవాలని దూరాన కూర్చుని చెప్పడానికి నాకు మనసు రాదు.

అయినా ఆయన ఒక పని చేసి ఉండవలసింది. గాయకుడు హ్యారీ బెలఫాంటె ప్రయాణానికి ముందే ఆయనకు సలహా ఇచ్చాడు: వర్ణవివక్ష మీద పోరాడుతున్న ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ వారితో మాట్లాడి వెళ్లమని. సైమన్ మాట్లాడలేదు. కళాకారుడు ఏ రాజకీయ పక్షం అనుమతీ కోరనక్కరలేదన్నది ఆయన పట్టుదల. ఈ విషయంలో నేను బెలఫాంటె పక్షమే. వాద్యకారుల సంఘం తన సభ్యుల తరఫున మాట ఇవ్వగలదు. బహిష్కరణ మాత్రం జైళ్లలో, ప్రవాసంలో ఉన్నవారితో సహా ఒక జాతి మొత్తం నడుపుతున్న పోరాటం. మంచి ఉద్దేశంతోనైనా ఒకరికి మినహాయింపు ఇస్తే, ఆ దారినే చెడ్డ ఉద్దేశంతో వచ్చేవారిని ఆపడం ఎలాగన్న ప్రశ్న వారిది. అందులో న్యాయం ఉంది. 1987 ఏప్రిల్‌లో సైమన్ కచేరీ జరుగుతున్న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాలు బయట నిరసన తెలిపిన బ్రిటిష్ గాయకులు కూడా ఈ మాటే అన్నారు.

అదే సమయంలో ఆ హాలు లోపల వేదిక మీద ఎవరున్నారో కూడా చూడాలి. 1960లో పాస్‌పోర్టు రద్దయి, కన్నతల్లి అంత్యక్రియలకు కూడా స్వదేశం వెళ్లలేకపోయిన మిరియం మకేబా ఉన్నారు. అదే ఏడాది దేశం విడిచిన ట్రంపెట్ విద్వాంసుడు హ్యూ మసెకేలా ఉన్నారు. ఆ పర్యటనలో వారిద్దరూ సైమన్ పక్కన నిలబడి తమ పాటలు తాము పాడుకున్నారు. దక్షిణాఫ్రికాలో పాడే వీలు లేనందున పొరుగున ఉన్న జింబాబ్వే రాజధాని హరారేలో, నలుపు తెలుపు తేడా లేకుండా కూర్చున్న జనం ముందు ఆ బృందం పాడింది. ఐక్యరాజ్యసమితి సాంస్కృతిక బహిష్కరణను ఎత్తివేశాక, 1992 జనవరిలో సైమన్ జోహన్నెస్‌బర్గ్ వేదిక ఎక్కాడు. నెల్సన్ మండేలా ఆయనను స్వాగతించారు; వ్యతిరేకించిన వర్గాలు అప్పుడూ ఉన్నాయి.

ప్రశ్న: ఆ వాద్యకారులకు దక్కినదేమిటి? పేరంతా సైమన్‌దే అయిందనిపిస్తుంది.
— ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: డబ్బు విషయంలో సైమన్ ఉదారంగానే వ్యవహరించాడు. న్యూయార్క్ వాద్యకారుల సంఘం నిర్ణయించిన పారితోషికానికి 3 రెట్లు, అంటే గంటకు 200 డాలర్లకు దగ్గరగా, జోహన్నెస్‌బర్గ్‌లో ప్రతి ఒక్కరికీ చెల్లించాడు. అక్కడి స్టూడియోలలో నల్లజాతి వాద్యకారుడు ఒక రోజంతా వాయించినా దానిలో చిన్న భాగమే వచ్చే రోజులవి.

రచనలో వాటా వేరే సంగతి. పారితోషికం ఒకసారి చేతికి వస్తుంది. రచయితగా పేరు ఉంటే ఆ పాట మోగినంత కాలం రాయల్టీ వస్తుంది. ఈ ఆల్బమ్‌లో కొన్ని పాటలకు మొట్లొహెలొవా, షిరిండా, షబలాలా వంటి వారి పేర్లు సైమన్ పేరుతో పాటు రచయితలుగా నమోదయ్యాయి. టైటిల్ పాటకూ, 'యూ కెన్ కాల్ మి ఆల్' పాటకూ మాత్రం రచయితగా సైమన్ పేరు ఒక్కటే ఉంది. వాటిని విన్న ఎవరికైనా రే ఫిరీ గిటార్, కుమాలో బేస్ లేకపోతే ఆ పాటలు లేవని తెలుస్తుంది. చట్టం బాణీని, సాహిత్యాన్ని రచనగా గుర్తిస్తుంది. వాయిస్తూ వాయిస్తూ వాద్యకారుడు కల్పించిన వరుసను సాధారణంగా వాద్య సహకారం కిందనే లెక్కిస్తుంది. యూరప్‌లో స్వరలిపి రాసుకుని పాట కట్టే సంప్రదాయం నుంచి వచ్చిన ఈ లెక్క, అందరూ కూర్చుని వాయిస్తుండగా పాట పుట్టే సంప్రదాయానికి సరిపోదు. ఇక్కడ అన్యాయం జరిగిందని నేను నమ్ముతున్నాను. అది ఒక మనిషి దురాశ వల్ల జరిగిందనుకోవడం కంటే, మొదటి రోజునే కూర్చుని మాట్లాడుకోకపోవడం వల్ల జరిగిందనడం సబబు.

షబలాలా బృందానికి మాత్రం ఎంతో మేలు జరిగింది. సైమన్ నిర్మించిన వారి సొంత ఆల్బమ్ 'షాకా జులు' 1987లో వచ్చి గ్రామీ పొందింది. గనులలో, కర్మాగారాలలో పనిచేసే వలస కూలీలు హాస్టళ్లలో పాడుకుంటూ పెంచుకున్న వాద్యాలు లేని బృందగానం, అలా తన సొంత పేరుతో ప్రపంచమంతా తిరిగింది.

ప్రశ్న: మా మేనల్లుడు తెలుగులో పాటలు రాసి, బాణీ కట్టి, గిటార్ మీద పాడతాడు. ఉద్యోగరీత్యా డర్బన్‌లో ఉంటున్నాడు. అక్కడి జులూ వాద్యకారులతో కలిసి బృందం కట్టాలని వాడి కోరిక. మీరేం సలహా ఇస్తారండీ?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మీ మేనల్లుడు అక్కడే నివసిస్తున్నాడు కనుక సైమన్ దారి కంటే జానీ క్లెగ్ దారి అతనికి ఎక్కువ పనికి వస్తుందమ్మా. ఇంగ్లండులో 1953లో పుట్టిన క్లెగ్ చిన్నతనంలోనే జోహన్నెస్‌బర్గ్ చేరాడు. కౌమారంలో, చార్లీ మ్జిలా అనే పనివాడు వీధిలో గిటార్ వాయిస్తుంటే విని ఆయన దగ్గర శిష్యరికం చేశాడు. జులూ భాష నేర్చుకున్నాడు. హాస్టళ్లలో వారి నృత్యాలు నేర్చుకున్నాడు. జాతులు కలవకూడదన్న చట్టాల కింద అరెస్టు కూడా అయ్యాడు. తోటపని చేసుకుంటూ గిటార్ వాయించే సిఫో మ్చును, ఆ తెల్ల కుర్రవాడి సంగతి విని వెతుక్కుంటూ వచ్చాడు. అలా మొదలైన స్నేహమే జులూకా బృందమైంది. వారి మొదటి ఆల్బమ్ 1979లో వచ్చింది. అంటే పరిచయానికీ ఆల్బమ్‌కూ మధ్య దాదాపు పదేళ్ల సావాసం ఉంది.

డర్బన్ చుట్టుపక్కల జులూ వారి ప్రధాన గిటార్ సంగీతం మస్కందీ. ముందుగా గిటార్ మీద తీగలన్నీ మీటుతూ ఒక ఆలాపన వంటిది వస్తుంది; తరువాత పాట; నడుమ గాయకుడు పాట ఆపి, తన ఊరు, వంశం, పెద్దల గొప్ప గురించి గుక్క తిప్పుకోకుండా వచనం చెబుతాడు. బుర్రకథలో కథకుడు వచనం అందుకునే తీరు తెలిసిన తెలుగువాడికి ఆ ఘట్టం కొత్తగా తోచదు. మీ మేనల్లుడు తన గిటార్‌ను కొన్నాళ్లు పక్కన పెట్టి, ఈ సంగీతాన్ని వాయించేవారి మధ్య కూర్చుని వినాలి. తన పాటకు వారి చేత వాయింపజేసుకునే ముందు, వారి పాటలో తాను రెండో గిటార్ వాయించగలగాలి. జులూ భాషలో పలకరింపులకు, పెద్దల పట్ల మర్యాదకు ఎంతో ప్రాముఖ్యం ఉంది కనుక భాష నేర్చుకోవడం కూడా సాధనలో భాగమే.

తెలుగు మాటలు వదులుకోనక్కరలేదు. చెరకు తోటల్లో పనికి 1860 తరువాత మద్రాసు రేవు నుంచి ఓడలెక్కిన తెలుగు కుటుంబాల సంతతి అక్కడే ఉంది. వారు స్థాపించుకున్న ఆంధ్ర మహాసభ 1931 నాటిది. భాష చాలావరకు జారిపోయినా భజనలు, కీర్తనలు నిలుపుకున్న ఇళ్లున్నాయి. అతని మొదటి శ్రోతలు అక్కడే దొరకవచ్చు.

ఇక లెక్కలు. నల్గొండ పాఠకుడికి చెప్పిన కారణం చేత, మొదటి సాధనకు ముందే ఒక కాగితం రాసుకోవాలి. మాటలు ఎవరివి, బాణీ ఎవరిది, అందరూ వాయిస్తుండగా పుట్టిన పాటలో ఎవరికి ఎంత శాతం అన్నవి అందులో ఉండాలి. బృందం నుంచి ఒకరు వెళ్లిపోతే వారి వాటా ఏమవుతుందో కూడా రాయాలి. మాటలు మాత్రమే తనవై, సంగీతమంతా కలిసి పుట్టినదైతే, సంగీతపు వాటాను బృందమంతా సమానంగా పంచుకోవడం నా దృష్టిలో న్యాయం. పాట పూర్తయ్యాక ఆ వాటాలనే దక్షిణాఫ్రికాలో స్వరకర్తల, గీతకర్తల హక్కులు చూసే సామ్రో సంస్థలో నమోదు చేయించాలి. మన దేశంలో ఆ పని చేసే సంస్థ ఐపీఆర్‌ఎస్. ఉద్యోగం కోసం ఇచ్చిన వీసా మీద డబ్బు తీసుకుని ప్రదర్శనలు ఇవ్వవచ్చునో లేదో కూడా ముందే విచారించుకోమనండి. వాద్యకారులకు పారితోషికాన్ని, కచేరీ ఆదాయం కోసం ఎదురుచూడకుండా, సాధన చేసిన రోజే చేతిలో పెట్టమనండి.